చమురుది ఏ ఊరు?

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసి అడిగారు. కథ కావాలా, కవిత కావాలా అంటే, "అవి మేం రాసుకుంటాం గాని అన్నా, మీరు చదివిందేదో మాకు అర్థమయ్యేలా రాయండి" అన్నారు. అలా అడగడం మాకు సంతోషమనిపించింది. మేము ముగ్గురం ఆరో తరగతిలో ట్రంకు పెట్టెలతో ఈ హాస్టల్‌కి వచ్చి, పదో తరగతి పాసై వెళ్లినవాళ్లం. ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ, పీజీ కూడా కలిసే చదివాం. మా మూడు ఇళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఇప్పుడు 23 ఏళ్ల వయసులో ఎం.ఎస్సీ. రసాయన శాస్త్రం పూర్తి చేశాం. రాసే చెయ్యి ఒకటే అయినా మాట ముగ్గురిదీ కనుక 'మేము' అనే రాస్తున్నాం.

మేము చెప్పదలచింది ముడి చమురు గురించి. ఒక చుక్క చమురును పరీక్షించి, అది ఏ రాతిలో పుట్టిందో, ఎక్కడి నుంచి వచ్చిందో ఎలా చెబుతారన్నదే విషయం. వినడానికి ఇది మన బతుకులకు దూరంగా ఉన్నట్టుంటుంది. కాని చదివిన కొద్దీ మాకు దగ్గరగా తోచింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మాది కోనసీమ. కొబ్బరి చెట్ల మీదుగా రాత్రిళ్లు గ్యాసు మంట వెలుగు కనబడే ఊళ్లు మావి. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండిన సంగతి మేము పుట్టక ముందుది. అయినా మా పెద్దవాళ్లు దాన్ని నిన్న జరిగినట్టు చెబుతారు. ఓఎన్‌జీసీ బండ్లు, చేల పక్కన పైపులైన్ల గుర్తు రాళ్లు, తాటిపాక రిఫైనరీ, ఇవన్నీ చూస్తూనే పెరిగాం. మా కాళ్ల కింద ఉన్న ఆ నూనె ఎక్కడిది, ఎలా పుట్టింది అని మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ ఎవరినీ అడగలేదు.

కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో, చెరువుల్లో, డెల్టా బురదలో బతికిన నాచు, సూక్ష్మజీవులు, కొట్టుకొచ్చిన ఆకూ అలమూ అడుగున పేరుకుపోయాయి. వాటి మీద మట్టి పొరలు పొరలుగా పడింది. లోతుకు పోయిన కొద్దీ వేడి పెరిగింది. వంద డిగ్రీలకు అటూ ఇటూ వేడిలో, లక్షల ఏళ్లు మగ్గి ఆ జీవ పదార్థం చమురుగా, గ్యాసుగా మారింది. అలా చమురు పుట్టిన రాతిని మూల శిల అంటారు. అయితే పుట్టినచోటే అది ఉండిపోదు. సందులు చూసుకుంటూ పైకి పాకి, ఇసుకరాయి లాంటి గుల్ల రాతిలో చేరి, పైన గట్టి పొర అడ్డు తగిలినప్పుడు అక్కడ ఆగుతుంది. మనం బావి తవ్వేది అక్కడ. అంటే బావి ఉన్నచోటే చమురు పుట్టిల్లు కానక్కర్లేదు. మరి పుట్టిల్లు ఏదో తెలిసేదెలా?

దీనికి దారి చూపిన వాడు ఆల్‌ఫ్రెడ్ ట్రైబ్స్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. 1930లలో ఆయన ముడి చమురులో పోర్ఫిరిన్లు అనే పదార్థాలు ఉన్నాయని కనిపెట్టాడు. ఆకులకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితం అణువులో ఒక చట్రం ఉంటుంది. చమురులోని పోర్ఫిరిన్లది కూడా ఆ కుదురు చట్రమే. పత్రహరితంలో మెగ్నీషియం ఉండే చోట చమురులో వెనేడియమో, నికెలో వచ్చి కూర్చుంది. చట్రం మాత్రం నిలిచి ఉంది. నల్లగా, జిగటగా, కంపు కొట్టే ముడి చమురులో కోట్ల ఏళ్ల నాటి పచ్చని ఆకు జాడ ఉందన్నమాట. చమురు జీవుల నుంచే పుట్టిందనడానికి అది గట్టి రుజువైంది.

ఆ తర్వాత ఇలాంటి అణువులు ఎన్నో బయటపడ్డాయి. వీటిని బయోమార్కర్లు అంటారు, అంటే జీవుల ఆనవాళ్లు. బ్యాక్టీరియా తన ఒంటి పొరను గట్టిపరచుకోవడానికి వాడుకునే పదార్థాల నుంచి హోపేన్లు వస్తాయి. నాచులో, మొక్కల్లో ఉండే స్టెరాల్స్ నుంచి స్టెరేన్లు వస్తాయి. డాక్టర్లు రక్తపరీక్షలో చూసే కొలెస్టరాల్ కూడా ఈ కుటుంబానిదే. 27, 28, 29 కార్బన్లున్న స్టెరేన్లు ఏ పాళ్లలో ఉన్నాయో చూస్తే ఆ బురదలో నాచు ఎక్కువా, నేల మీద మొక్కలు ఎక్కువా అన్నది ఊహించవచ్చు. పత్రహరితం తోక భాగం నుంచి ప్రిస్టేన్, ఫైటేన్ అనే రెండు వస్తాయి. బురదలో ప్రాణవాయువు ఉంటే మొదటిది, లేకుంటే రెండోది ఎక్కువగా తయారవుతుంది. ఒలియనేన్ అని ఇంకొకటి ఉంది. అది పూలు పూసే మొక్కల ఆనవాలు. పూల మొక్కలు భూమి మీద బాగా విస్తరించింది క్రెటేషియస్ కాలం చివరి భాగంలో. కనుక ఒలియనేన్ బాగా కనిపించే చమురు అంతకంటే చాలా పాత రాతిలో పుట్టిందని చెప్పడం కుదరదు.

మాలో ఒకరి నాన్నగారు దింపు కార్మికులు. సెలవులకు వెళ్లినప్పుడు ఆయనకు ఈ సంగతంతా చెప్పాం. "నూనె చూసి ఊరు చెబుతారంట్రా?" అని ఆశ్చర్యపోయారు. కాసేపు ఆలోచించి, "అవున్లే, కాయ చేతిలోకి తీసుకుంటే లంక కాయో, సముద్రం పక్క కాయో మేం చెప్పమా? అలాంటిదే. కాకపోతే తెలిసిన తోట కాయ పక్కన పెట్టుకుంటే గాని గట్టిగా చెప్పకూడదు" అన్నారు. మా పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయమంతా ఉన్న మాట ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు. తెలిసిన నమూనా పక్కన లేకుండా తెలియని నమూనా గురించి తీర్పు చెప్పకూడదు. ఈ శాస్త్రానికి ఇదే పునాది.

ఇక పరీక్ష ఎలా చేస్తారో చెబుతాం. మా పీజీ ల్యాబ్‌లో మేడమ్ ఒకరోజు పేర్లు లేని మూడు సీసాలు మా ముందు పెట్టి, ఏది ఏదో చెప్పమన్నారు. వాసన చూడబోతే వద్దన్నారు, "గ్రాఫు చూసి చెప్పండి" అన్నారు. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రంలో 30 మీటర్ల పొడవున్న సన్నని గొట్టం చుట్టగా ఉంటుంది. లోపలి దారి పావు మిల్లీమీటరు. ద్రావణిలో కలిపిన నమూనాను ఒక మైక్రోలీటరు, అంటే చుక్కలో యాభయ్యో వంతు, అందులోకి పంపి వేడి పెంచుతూ పోతే తేలిక అణువులు ముందు, బరువు అణువులు తర్వాత ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. ఒక్కో దానికి గ్రాఫు మీద ఒక గీత లేస్తుంది. డీజిల్‌కి దువ్వెన పళ్లలా వరసగా గీతలు లేచాయి. కిరోసిన్‌వీ అలాంటి పళ్లే, కాని ముందే మొదలై ముందే ముగిశాయి. ఇంజన్ ఆయిల్‌కి పళ్లు లేవు, ఎద్దు మూపురంలా ఒక గుట్ట లేచింది. మూడూ సరిగ్గా చెప్పగలిగాం. ఆ రోజు మెస్‌లో అన్నం తింటూ కూడా అదే మాట్లాడుకున్నాం.

ముడి చమురు ఇంతకంటే చాలా క్లిష్టమైనది. అందులో వేల రకాల అణువులుంటాయి. అందుకే క్రొమటోగ్రాఫ్ చివర మాస్ స్పెక్ట్రోమీటర్ తగిలిస్తారు. అది వచ్చిన అణువును ముక్కలు చేసి ముక్కల బరువు చూపుతుంది. 191 బరువున్న ముక్క కోసం చూస్తే హోపేన్లు, 217 కోసం చూస్తే స్టెరేన్లు కనిపిస్తాయి. సముద్రంలో ఒలికిన చమురైతే ఇంకో చిక్కుంది. తేలిక భాగం ఆవిరైపోతుంది. ఎండ కొంత మార్చేస్తుంది. బ్యాక్టీరియా సూటిగా ఉన్న గొలుసు అణువులను ముందు తినేస్తుంది, కొమ్మలున్న వాటిని తర్వాత. హోపేన్లు మాత్రం చాలాకాలం నిలుస్తాయి. కాబట్టి ఎంత ఉందని కాకుండా, ఇలా నిలిచిన వాటి మధ్య నిష్పత్తులు ఎలా ఉన్నాయని పోలుస్తారు.

కృష్ణా గోదావరి బేసిన్ గురించి చదివినప్పుడు మాకు ఒక చిత్రం కనిపించింది. అక్కడి రాతి పొరలకు పెట్టినవి మన ఊళ్ల పేర్లే. పర్మియన్ కాలం నాటి, 25 కోట్ల ఏళ్లకు పైబడిన పొర పేరు కొమ్ముగూడెం. క్రెటేషియస్ కాలం నాటి మూల శిల రాఘవాపురం షేల్. ఆ తర్వాతి కాలానివి పాలకొల్లు షేల్, వడపర్రు షేల్. మండపేట, గొల్లపల్లి, రాజోలు, నరసాపురం పేర్లతో కూడా పొరలున్నాయి. దేశ దేశాల శాస్త్రవేత్తలు చదివే పరిశోధన పత్రాల్లో మనం బస్సు బోర్డుల మీద చూసే పేర్లున్నాయి. ఒక బావిలో దొరికిన చమురు ఈ మూల శిలల్లో దేని బిడ్డో తేల్చడానికి బయోమార్కర్లను రాతితో పోల్చి చూస్తారు. ఎందుకంటే పుట్టిల్లు తెలిస్తే, అది ఏ దారిన పాకి వచ్చిందో, ఇంకెక్కడ ఆగి ఉంటుందో వెతకవచ్చు. డెహ్రాడూన్‌లో ఓఎన్‌జీసీకి కేశవదేవ మాలవీయ పేరుతో ఉన్న పరిశోధన సంస్థ ఇలాంటి పని చేస్తుంది.

ఇంతవరకు చమురు వెతకడం గురించి. ఈ పరీక్షకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. చమురు ఒలికి నష్టం జరిగినప్పుడు, అది ఎవరిదో తేల్చడం. మమ్మల్ని బాగా కదిలించిన సంగతి అమెరికాలోని అలాస్కాలో జరిగింది.

1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డీజ్ అనే ఓడ అక్కడి ప్రిన్స్ విలియం సౌండ్‌లో రాతి దిబ్బను గుద్దుకుంది. సుమారు 4 కోట్ల లీటర్ల ముడి చమురు సముద్రం పాలైంది. పక్షులు, చేపలు, సముద్రపు జంతువులు లెక్క లేనన్ని చనిపోయాయి. ఆ తీరంలో నల్లటి తారు ముద్ద ఎక్కడ కనిపించినా అది ఆ ఓడదే అనుకోవడం సహజం. అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన కీత్ క్వెన్‌వోల్డెన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు అలా అనుకుని ఊరుకోలేదు. ఆ తీరాల్లో చదునుగా అతుక్కుని ఉన్న 61 తారు ముద్దలను, ఓడ చమురు అవశేషాలు 28 నమూనాలను తీసుకుని పోల్చారు. బరువైన కార్బన్-13 ఎంత ఉందో చూసే పరీక్షలో ఓడ చమురు అంకె మైనస్ 29.4 వచ్చింది. తారు ముద్దలన్నీ మైనస్ 23.7 దగ్గర గుంపుగా ఉన్నాయి. బయోమార్కర్లూ కలవలేదు. ఆ ముద్దలు ఆ ఓడవి కావు. వాటి ఆనవాళ్లు ఎక్కడో దక్షిణాన ఉన్న కాలిఫోర్నియాలోని మాంటెరే అనే మూల శిలతో కలిశాయి.

కాలిఫోర్నియా చమురు అలాస్కాకు ఎలా వచ్చింది? అలాస్కాలో రోడ్లకు, కట్టడాలకు 1970 ప్రాంతం వరకు కాలిఫోర్నియా చమురు నుంచి తీసిన తారు వాడేవారు. 1964 మార్చి 27న 9.2 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, నిల్వ ట్యాంకులు పగిలి ఆ తారు, ఇంధన నూనె సముద్రంలో కలిశాయి. ఓడ ప్రమాదానికి పాతికేళ్ల ముందు నుంచే ఆ ముద్దలు అక్కడి రాళ్లకు అంటుకుని ఉన్నాయన్నమాట. 1995లో ఈ ఫలితం అచ్చయింది. దీనితో ఓడ తప్పు మాఫీ కాలేదని కూడా గమనించాలి. ఓడ చమురు ఆనవాళ్లు కూడా ఆ తీరాన ఉన్నాయి. ఏ ముద్ద ఎవరిదో ఆ ముద్దకే విడిగా తేల్చారు, అంతే.

ఇది చదివిన రోజు మాకు ఇంటర్ రోజులు గుర్తొచ్చాయి. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అక్కర్లేదు. క్లాసులో ఒక అబ్బాయి సెల్‌ఫోన్ పోయింది. ఇంటి దగ్గర నుంచి వచ్చేవాళ్లు, హాస్టల్ నుంచి వచ్చేవాళ్లు కలిపి అరవై మందిమి ఉన్నాం. హాస్టల్ వాళ్లం పద్నాలుగు మందిని బయట నిలబెట్టారు. మా సంచులు దులిపారు. సాయంత్రం హాస్టల్‌కి మనిషిని పంపి మా ట్రంకు పెట్టెలు తెరిపించారు. పెట్టెల్లో ఉతికిన బట్టలు, నోటు పుస్తకాలు, ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా తప్ప ఏమీ లేవు. మిగతా నలభై ఆరు మంది సంచులు ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఫోన్ ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. మాకు క్షమాపణ ఎవరూ చెప్పలేదు, అలాంటి ఆలోచనే ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఇలాంటిదే ఇంకొకటి మీ అందరికీ అనుభవమే. "మీదే ఊరు?" అని అడుగుతారు. చెబుతాం. "ఊళ్లోనా, పేటలోనా?" అని రెండో ప్రశ్న వస్తుంది. ఆ జవాబు వినగానే వాళ్ల మొహంలో ఏదో తేలిపోతుంది. ఇంకేమీ అడగరు. చమురు పుట్టిల్లు అడిగే శాస్త్రవేత్తకు ఆ ప్రశ్నతో పని మొదలవుతుంది. నమూనాలు తేవాలి, పోల్చాలి, మళ్లీ మళ్లీ కొలవాలి. మమ్మల్ని అడిగిన వాళ్లకు ఆ ప్రశ్నతోనే పని అయిపోయేది. ఒక తారు ముద్దకు దక్కిన పాటి విచారణ ఆ రోజు మా పద్నాలుగు మందికి దక్కలేదు. ఈ మాట రాయాలా వద్దా అని మేము ముగ్గురం చాలాసేపు ఆలోచించుకున్నాం. మన సంచికలో కాకపోతే ఎక్కడ రాస్తాం అనిపించి రాస్తున్నాం.

మన దేశంలోనూ ఇలాంటి పరిశోధన జరిగింది. గోవా తీరానికి నైరుతి రుతుపవనాల వేళ తారు ఉండలు కొట్టుకొస్తాయి. పక్కనే అంతర్జాతీయ ఓడల దారి ఉంది కనుక, ట్యాంకర్లు కడిగి పారబోసిన నూనే ఇదంతా అని సాధారణంగా అనుకునేవారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే 2010, 2011 ఉండలు ట్యాంకర్లవే అని తేలింది. అక్కడితో ఆగక 2013 మే నెలలో 9 బీచ్‌ల నుంచి మళ్లీ నమూనాలు తెచ్చి, రకరకాల చమురు క్షేత్రాల ముడి చమురుతో పోల్చారు. ఈసారి బొంబాయి హై క్షేత్రాల చమురు కూడా కారణం కావచ్చని తేలింది. ఏప్రిల్‌లో అక్కడ వదిలిన చమురు నీటి వాలుతో మే నాటికి గోవా చేరుతుందని లెక్క కట్టి చూపారు. నిరుటి తీర్పు ఈ ఏటికి పనికిరాదని, ప్రతిసారీ మళ్లీ చూడాలని దీన్ని బట్టి తెలుస్తుంది. పైగా ఇక్కడ అనుమానం తిరిగింది బయటి ఓడల మీద నుంచి మన సొంత క్షేత్రాల మీదికి. అది చెప్పడానికీ ధైర్యం కావాలి.

యూరప్ దేశాలు వాడే పద్ధతిలో తీర్పులు నాలుగు రకాలు. రెండు నమూనాలూ కలిశాయి, బహుశా కలిశాయి, తేల్చలేం, కలవలేదు. మాకు మూడోది చాలా నచ్చింది. ఇన్ని లక్షలు పోసి కొన్న యంత్రం, ఇంత చదివిన మనిషి, ఆధారం చాలనప్పుడు "తేల్చలేం" అని సంతకం పెట్టి కాగితం ఇస్తారు. అలా రాసినంత మాత్రాన ఎవరూ వాళ్లను చిన్నచూపు చూడరు.

ఇక తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మాకు తెలిసిన నాలుగు మాటలు. రసాయన శాస్త్రం అంటే సమీకరణాలు బట్టీ పట్టడమని భయపడకండి. ఇంటర్‌లో ఎంపీసీ చదివినా, బైపీసీ చదివినా డిగ్రీలో రసాయన శాస్త్రం తీసుకోవచ్చు. ఆ తర్వాత ఎం.ఎస్సీ.కి మన రాష్ట్రంలో ఏపీ పీజీసెట్ ఉంది, ఐఐటీల్లో చేరడానికి జామ్ పరీక్ష ఉంది. చమురు రంగంలోకే వెళ్లాలనుకుంటే 2016లో విశాఖపట్నంలో భారతీయ పెట్రోలియం, ఇంధన సంస్థ వచ్చింది. దరఖాస్తు తేదీలు దాటిపోకుండా చూసుకోండి. మా ఇళ్లలో ఈ సంగతులు చెప్పేవాళ్లు లేక మేము నోటీసు బోర్డుల చుట్టూ తిరిగాం. మీకు మేమున్నాం.

మాలో ఒకరు ఫార్మా కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో చేరారు. అక్కడా పని చేసేది క్రొమటోగ్రాఫ్‌తోనే. మిగతా ఇద్దరం పరిశోధన కోసం పరీక్షలకు చదువుతున్నాం. ఇంటి దగ్గర ఇంకా ఎన్నాళ్లు చదువని అడుగుతున్నారు. వాళ్ల బాధ వాళ్లది, అప్పులున్నాయి. ఒక ఏడాది గడువు అడిగాం. దొరుకుతుందో లేదో చూడాలి.

ఎవరైనా మీ గురించి ఒక మాట తేల్చేస్తే, "దేనితో పోల్చి చూశారండీ?" అని అడగండి. మర్యాదగానే అడగండి, కాని అడగండి. మీరు కూడా పక్కవాడి గురించి ఏదైనా అనబోయే ముందు అదే ప్రశ్న వేసుకోండి. మాకు వేళకు అన్నం పెట్టిన వంట అక్కలకు, రాత్రి పదకొండు దాకా లైటు తీయకుండా చదువుకోనిచ్చిన వార్డెన్ గారికి, ఈ సంచిక పనిలో ఉన్న తమ్ముళ్లందరికీ మా ముగ్గురి నమస్కారాలు.

— ముగ్గురు పూర్వ విద్యార్థులు, ఎం.ఎస్సీ. రసాయన శాస్త్రం